ఒకటి పడితే తానుగానే

మా తమ్ముడు మూడో అంతస్తు సారం మీదినుంచి పడిపోయిన పూట నేను కాలేజీ హాస్టల్లో కూర్చుని దయ్యాల కోట మీదికి దండెత్తుతున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే. సారం అంటే గోడ చుట్టూ కట్టెలు కట్టి, వాటి మీద పలకలు పరిచి, తాపీ పనివాళ్ళు నిలబడడానికి చేసే ఏర్పాటు. వాడు దాని మీద ఉన్నాడు. నేను వేలూరు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో మూడో ఏడు చదువుతూ, క్లాసు ఎగ్గొట్టి, ఇరవై ముఖాల పాచిక విసురుతూ ఉన్నాను. ఇంటినుంచి ఫోనొచ్చిందని వాచ్‌మన్ పిలిస్తే 'ఈ ఒక్క పందెం అయిపోనీ' అన్నానట. నాకది గుర్తు లేదు, పక్కవాడు తర్వాత చెప్పాడు.

మాది గుడియాత్తం. కట్టుబడి పనుల కుటుంబం. నాయన మేస్త్రి, తాతా మేస్త్రే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది అరవం. తెలుగు అక్షరాలు నేను ఉద్యోగంలో చేరాక పంతం పట్టి నేర్చుకున్నవే. నాయనకూ తమ్ముడికీ అవి రానేలేదు. నన్ను చదివించారు. వాడు ఎనిమిదితో మానేసి నాయన వెంట పనికి పోయాడు. అప్పటిదాకా నాయన మోర్ధానా దాకా ఉన్న పల్లెల్లో ఇళ్ళు కట్టేవాడు, ఒక అంతస్తు, మహా అయితే రెండు. బెంగళూరు రోడ్డును వెడల్పు చెయ్యడం మొదలయ్యాక దాని పక్క పొలాల్లో కాలేజీలూ కంపెనీ షెడ్లూ పుట్టగొడుగుల్లా లేచాయి. నాయనకు నాలుగంతస్తుల పనులు రావడం మొదలైంది. తమ్ముడు అయిదేళ్ళు సారం మీదే గడిపాడు. తొమ్మిదంగుళాల పలక మీద, నెత్తిన సిమెంటు తట్టతో, పాట పాడుకుంటూ నడిచేవాడు. నేను వసారాలో నడిస్తేనే గడప తట్టుకుంటుంది.

వాడు పడింది పొద్దున పదకొండు గంటలకు. గాలి లేదు, వాన లేదు. పలక విరగలేదు, తాడు జారలేదు. నెత్తిన బరువు కూడా లేదు. ఉత్త చేతులతో ఒక కొసనుంచి ఇంకో కొసకు పోతూ పడిపోయాడు. కింద కంకర కుప్ప ఉంది. వెన్నుపూస దెబ్బతింది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సారం మీదినుంచి మనిషి పడితే మిగతావాళ్ళందరూ వెంటనే దిగిపోతారు. ఆ పలక మంచిదేనని తేలేదాకా మళ్ళీ ఎక్కరు. తేల్చవలసింది మేస్త్రి. మనిషి ఏ పలక మీదినుంచి పడ్డాడో అదే పలక మీద మేస్త్రి ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి, మధ్యలో నిలబడి రెండుసార్లు ఎగిరి చూపించాలి. మా నాయన కొడుకును వేలూరు ఆసుపత్రిలో చేర్చి, సాయంత్రానికి సైటుకు తిరిగి వచ్చి, ఎక్కి, నడిచి, ఎగిరి చూపించాడు. కిందనుంచి నలభై మంది చూశారు. పలకకు ఏమీ కాలేదు. ఇందులో ఆయన్ను అనడానికేమీ లేదు, ఆయన ఆ పని చెయ్యకపోతే మరునాడు ఒక్కడూ పనికి ఎక్కడు. కానీ పలక మంచిదని తేలితే ఇంక తప్పు మిగిలేది మనిషి మీదే. అది మా తమ్ముడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆసుపత్రిలో ఎట్లా పడ్డాడని అడిగితే, మోసుకొచ్చిన పనివాళ్ళు "తానుగానే పడినాడు" అని చెప్పారు. ఎవరూ తోయలేదు, ఏదీ విరగలేదు అని వాళ్ళ భావం. ఆ తర్వాత చూడ్డానికి వచ్చిన ప్రతివాడూ ఆ మాటే పట్టుకున్నాడు. అరటిపండ్లు స్టూలు మీద పెట్టడం, కాళ్ళ వైపు ఒకసారి చూడడం, "అంత పనోడివి, తానుగానే ఎట్ల పడితివప్పా? ద్యాస యాడ పెట్టినావు?" అని అడగడం. ప్రేమతోనే అడిగేవాళ్ళు. వాడు గోడవైపు ముఖం తిప్పుకునేవాడు. నాయన మాత్రం ఏమీ అడగలేదు. అడగకుండా కూర్చునేవాడు, అది ఇంకా ఘోరంగా ఉండేది.

కాళ్ళు రావని డాక్టరు మొదటివారంలోనే చెప్పేశాడు. నాతో వేరుగా, నాయనతో వేరుగా ఇంకో మాట కూడా చెప్పాడు. వార్డులో ఆరువారాలు ఉంచుకుంటారు. ఆ లోపల వాడు చక్రాల కుర్చీలో కూర్చోవడం నేర్చుకోవాలి. చేతుల మీద ఒళ్ళు లేపుకోవడం, మంచం మీదినుంచి కుర్చీలోకి జరగడం, గంట గంటకూ పిరుదులు లేపి ఒత్తిడి తగ్గించుకోవడం, అన్నీ నేర్చుకోవాలి. నేర్చుకుంటే ఎన్నో ఏళ్ళు బతకొచ్చు. నేర్చుకోకుండా ఇంటికి పోయి పడుకున్నాడంటే ఒళ్ళు పుండ్లు పడుతుంది, ఆ పుండ్లు ఎముక దాకా పోతాయి, కొన్ని నెలలే. ఆయన ఈ మాట నెమ్మదిగానే చెప్పాడు.

రోజూ పొద్దున కుర్చీ తెచ్చి మంచం పక్కన పెట్టేవాళ్ళు. వాడు కండ్లు మూసుకునేవాడు. అమ్మ బతిమాలింది, నర్సులు బతిమాలారు, నేను తిట్టాను. ఎవరేమన్నా కండ్లు మూసుకోవడమే. మూడువారాలు అట్లా గడిచిపోయాయి.

అప్పుడు నేను ఆ ఆట పట్టుకుపోయాను. హాస్టల్లో ఒక సీనియరు ఉండేవాడు. వాడి మామ విదేశంనుంచి పంపిన పుస్తకానికి జిరాక్సు, రంగురంగుల పాచికలు వాడి దగ్గర ఉండేవి. మాకు వాడే నోటితో నేర్పాడు. ఆటలో ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు అందులో మనుషులు. నీ మనిషి గోడ ఎక్కాలన్నా, కత్తి దుయ్యాలన్నా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడిన అంకెకు నీ మనిషికున్న నేర్పు అంకె కలుపుకోవాలి. ఆ పని ఎంత కష్టమో దానికొక గీత ఉంటుంది. కూడిక గీతను అందితే గెలిచినట్టు. అంతే ఆట. సీనియరును బతిమాలి ఒక నీలం పాచిక తీసుకుని సాయంత్రం ఆసుపత్రికి పోయాను.

కథలో కోట వేలూరు కోటే. అగడ్త, మొసళ్ళు, లోపల దయ్యాలు. తమ్ముడి మనిషిని గోడలెక్కే మొనగాడిగా పెట్టాను. ఒక కాగితం మీద వాడి నేర్పులన్నీ రాశాను. ఎక్కడానికి పది, దూకడానికి తొమ్మిది, సన్నంటి చోట నడవడానికి పన్నెండు. ఆ చివరిది కొత్తగా మొదలుపెట్టేవాడికి అంత ఇవ్వకూడదు. నేనే ఇచ్చాను. మా తమ్ముడు అంత నడవగలిగినవాడే గదా అని. వాడు బోర్లా పడుకుని, చేతులు మంచం కిందికి వేలాడేసి, నేలమీద పెట్టిన తిండి తట్టలో పాచిక వేశాడు. అది గలగలమని తిరిగి ఒకటి పడింది.

వాడి ముఖం వెలిగిపోయింది. "దాయం!" అని, ఇంకో పందెం వెయ్యడానికి పాచిక కోసం చెయ్యి చాపాడు.

మా వైపు ఇళ్ళల్లో ఆడే దాయంలో ఒకటే గొప్ప పందెం. ఒకటి పడితేనే కాయ గడిలోకి దిగుతుంది, ఒకటి పడితే ఇంకో పందెం కూడా వస్తుంది. ఆ ఒకటి కోసం ఆడవాళ్ళు మధ్యాహ్నాలన్నీ ఇత్తడి పాచికలు నలుపుతూ కూర్చుంటారు. సారం మీదినుంచి పడినప్పటినుంచి వాడి పండ్లు కనబడడం అదే మొదటిసారి. ఇంకెవరైనా అయితే పోనీలే అని రూలు తిప్పేసుకునేవాళ్ళు. నా బుద్ధి అట్లాంటిది కాదు. చిన్నప్పటినుంచీ నాకు రూలంటే రూలే. క్యారంబోర్డు దగ్గర కూడా పంతం పట్టి తన్నులు తిన్నవాణ్ణి.

"ఇక్కడ తలకిందులురా," అన్నాను. "ఇరవై పడితే తానుగానే గెలుపు. ఒకటి పడితే తానుగానే ఓటమి."

ఇంగ్లీషులో ఆటోమేటిక్ అని ఉన్న మాటకు మా ఇంటి మాటల్లో నాకు దొరికింది అదే, తానుగానే. ఆ మాట వినగానే వాడు తల పక్కకు తిప్పి నన్ను చూశాడు.

"ఎంత పెద్ద వీరుడైనానా?"

"ఎంత పెద్ద వీరుడైనా."

"నేర్పు నూరు ఉన్నా?"

"నూరున్నా అంతే. ఒకటి పడితే పోయినట్టే."

"అప్పుడు తప్పు ఎవురిది?"

"ఎవురిదీ కాదు. పాచికది," అన్నాను, ఆట ముందుకు పోవాలన్న తొందరలో.

వాడు తట్టలోని పాచిక తీసి వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. తర్వాత "బాగుండాదన్నా ఈ రూలు" అన్నాడు. నేనేమో ఇరవై గురించి అంటున్నాడనుకున్నాను. ఎంత అసాధ్యమైన పనికైనా ఇరవైలో ఒక వంతు ఆశ ఉంటుందని వాడికి అర్థమైందనుకుని లోలోపల పొంగిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ తర్వాత పాచిక తన దగ్గరే ఉంచమన్నాడు. నేను సాయంత్రాలు పోయేవాణ్ణి, ఒక గంట ఆడేవాళ్ళం. మిగతా పొద్దంతా వాడే విసురుతూ ఉండేవాడట. పక్కమంచం మీద పళ్ళికొండ దగ్గర లారీ బోల్తాపడి నడుము విరిగిన డ్రైవరు ఉండేవాడు. అరవం మనిషి, నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అతని చేత కూడా వేయించేవాడు. క్యాలెండరు కాగితం వెనకాల పెన్సిలుతో గీతలు పెట్టుకునేవాడు. నాలుగు నిలువు గీతలు, వాటి మీద ఒక అడ్డగీత, మా పనిలో ఇటుక బండ్లు లెక్కపెట్టినట్టు. నేను పోగానే కాగితం దిండు కిందికి తోసేసేవాడు. ఇరవైలు లెక్కపెట్టుకుంటున్నాడనే అనుకున్నాను. ఇంకేమనుకోను?

కుర్చీ మాత్రం ముట్టుకోలేదు. నాలుగోవారం పోయింది. అయిదోది సగం పోయింది. నాకు భయం పట్టుకుంది, భయం పట్టుకుంటే నాకు కోపం వస్తుంది. వీడు ఇరవై కోసం కాచుకుని ఉన్నాడు, లేచి నిలబడేస్తానని నమ్ముతున్నాడు, ఆ నమ్మకం వీడి నెత్తిన ఎక్కించింది నేనే, దాన్ని దించవలసిందీ నేనే అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎట్లా దించాలో తెలియలేదు. ఆ వారం కథ ముందుకు సాగించడానికి అసలు పుస్తకం కావలసి వచ్చి సీనియరు దగ్గర జిరాక్సు అడిగి తెచ్చుకున్నాను. బస్సులో తిరగేస్తుంటే ఆ పేజీ కనబడింది.

మేము ఇన్నాళ్ళూ తప్పుగా ఆడుతున్నాం. ఇరవైకి తానుగానే గెలుపు, ఒకటికి తానుగానే ఓటమి అన్నది అన్నిటికీ లేదు. కత్తి దూసినప్పుడు ఉంది, విషంనుంచో మంత్రంనుంచో తప్పించుకునేటప్పుడు ఉంది. మనిషి నేర్చుకుని చేసే పనులకు లేదు. ఎక్కడం, దూకడం, ఈత, నడక, వీటిలో పడిన అంకెకు నేర్పు కలిపితే ఎంతో అంతే. సీనియరు సగం చదివి సగం చెప్పాడు, మేము గుడ్డిగా ఆడాం. నాకు ఆ పేజీ చూసి పట్టలేని సంతోషం వేసింది. దేవుడే చూపించాడనుకున్నాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అది శుక్రవారం సాయంత్రం. ఆదివారం నాయన వస్తాడు. వార్డులో ఇంక పదిరోజులే మిగిలాయి. నేను స్టూలు లాక్కుని కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చెప్పేశాను. ఇరవై పడితే తానుగానే గెలుపని చెప్పానుగదా, అది తప్పు. ఎక్కడానికీ నడవడానికీ ఇరవై పడినా ఉత్త ఇరవయ్యే. గీత నలభై ఉంటే ఇరవై వేసినా దాటలేవు, జీవితమంతా వేస్తూ కూర్చున్నా దాటలేవు. అందుకని ఆ కాచుకోవడం మానెయ్, రేపు కుర్చీ ఎక్కు. ఇట్లా గడగడా అప్పజెప్పినట్టు చెప్పాను. వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే ఓదార్చాలని సిద్ధపడే వచ్చాను.

వాడు "సరిన్నా" అన్నాడు. ఇరవై గురించి వాడికి ఏ పట్టింపూ ఉన్నట్టు లేదు. కాసేపటికి, "ఒకటి?" అన్నాడు.

"ఒకటేమిటి?"

"ఒకటి పడితే ఓటమి అంటివే. అది గూడా లేదా?"

పుస్తకం చూడకుండానే, "అదీ లేదు. నేర్చుకున్న పనికి రెండూ లేవు" అన్నాను. అంత కచ్చితంగా చెప్పగలిగినందుకు గొంతులో కాస్త గర్వం కూడా ఉండి ఉంటుంది.

"సన్నంటి చోట నడిచేదానికి?"

"దానికీ లేదు."

"మన పలక తొమ్మిదంగుళాలు. బుక్కులో దానికి గీత ఎంత?"

పేజీలు తిప్పాను. వెడల్పును బట్టి పట్టిక ఉంది. "పది," అన్నాను.

"నాకు నువ్వు పన్నెండు రాసినావు." వాడి పెదవులు కదిలాయి, కూడుకుంటున్నాడు. "ఒకటి పడినా పదమూడు. గీత దాటినట్టే గదా."

అప్పటికిగాని నాకు అర్థం కాలేదు. ఏదో అనబోయాను. వాడు దిండు కిందనుంచి ఆ క్యాలెండరు కాగితం లాగి నా ఒళ్ళో, పుస్తకం మీద పెట్టాడు. నిలువు గీతలు, అడ్డగీతలు, కాగితం నిండా.

"ఇవన్నీ ఒకట్లన్నా," అన్నాడు. "డ్రైవరన్నకు పడింది, నర్సమ్మకు పడింది, నువ్వు వేసినా పడింది. ఎవురికైనా పడతాది. ఆదివారం నాయన వస్తే నాయన చేత గూడా వేయించాలని ఉంటిని. ఒకటి పడేదాకా. ఆమీట కుర్చీలో కూర్చుందామని."

నేను తల వంచుకుని ఆ గీతలు చూస్తూ ఉండిపోయాను. పక్కమంచం డ్రైవరు మాకు తెలుగు రాకపోయినా ఏదో జరిగిందని గ్రహించి రేడియో ఆపేశాడని గుర్తుంది. కాదు, తెలుగు రానిది అతనికి, మాకు కాదు. ఆ పూట గురించి రాసేటప్పుడు ఇప్పటికీ నాకు మాటలు తారుమారవుతాయి.

"అయితే తానుగానే అంటే, నేనుగానే అన్నమాట," అన్నాడు మా తమ్ముడు.

అప్పుడు మొదలుపెట్టాను చూడండి బుకాయింపు. ఇది ఆటరా, ఎవడో ఎక్కడో కూర్చుని రాసుకున్న కాగితాలు, నిజం పలకకూ దీనికీ సంబంధమేముంది, ఆ పన్నెండు నేను ఇష్టం వచ్చినట్టు వేసింది, కావాలంటే ఇప్పుడే కొట్టేసి రెండు వేస్తాను, మన ఆటలో మన రూలు పెట్టుకుందాం, ఒకటి పడితే ఓటమే, ఎవరైనా సరే. చెయ్యి పట్టుకుని చెప్పాను. ఏడ్చింది నేనే. వాడు ఓపికగా విన్నాడు.

"రూలంటే రూలు అనేది నువ్వే గదన్నా," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో.

మరునాడు పొద్దున కుర్చీ తేగానే ఎక్కాడు. ఎవరూ బతిమాలలేదు. వారం తిరిగేసరికి చేతుల మీద ఒళ్ళు లేపుకోవడం, మంచం మీదికి జరగడం, వాలు ఎక్కడం అన్నీ నేర్చేసుకున్నాడు. పనివాడి చేతులు. అంత తొందరగా నేర్చినవాణ్ణి చూడలేదని వార్డులో మెచ్చుకున్నారు. ఏం మంత్రం వేశావని డాక్టరు నా భుజం తట్టాడు. ఆదివారం నాయన వచ్చి, కొడుకు కుర్చీలో కూర్చుని ఉండడం చూసి, వరండాలోకి పోయి గోడకు తల ఆనించుకుని ఏడ్చాడు, సంతోషంతో. తమ్ముడు ఆయనకు పాచిక చూపించలేదు. అంతకుముందే నాకు ఇచ్చేసి, ఇచ్చినవాడికి ఇచ్చెయ్యమన్నాడు. నేను చెప్పేస్తాను నాయనతో అన్నాను. వద్దన్నాడు. చెబితే ఏమని చెప్పాలో నాకూ తెలియదు.

గుడియాత్తంలో ఇంటి ముందు మెట్లు పగలగొట్టి నాయన వాలుగా నున్నగా గచ్చు చేయించాడు. వాడు తర్వాత ఏడేళ్ళు బతికాడు. డాక్టరు అన్నట్టే బతికాడు. కుర్చీలో కూర్చుని ఇంటి దగ్గర కమ్మీలు వంచేవాడు, సైటుకు కావలసిన సరుకు చూసుకునేవాడు. నవ్వేవాడు కూడా. చూసినవాళ్ళు ధైర్యవంతుడనేవాళ్ళు. నేను సెలవులకు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంకతో ఆ మాట ఎత్తేవాణ్ణి. కాళ్ళు తిమ్మిరెక్కి ఉండొచ్చు, ఎండకు కండ్లు తిరిగి ఉండొచ్చు, అట్లా అందరికీ అవుతుంది అని. వాడు ఊఁ అనేవాడు, అమ్మను కాఫీ తెమ్మనేవాడు. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జీతాలు పెరిగాయి. చేసిన పని వెనక్కి తీసుకోవడం మాత్రం నాకు చేతకాలేదు.

పనిలోకి కొత్తగా ఎవరు వచ్చినా నాయన మొదట ఇంటికి పంపేవాడు, తమ్ముణ్ణి చూసి పొమ్మని. వాడి కాళ్ళు చూస్తే జాగ్రత్తగా ఉంటారని. తమ్ముడే ఆ ఏర్పాటు పెట్టించాడని నాకు చాలాకాలం తెలియదు. వచ్చినవాళ్ళతో వాడు ఒకే మాట చెప్పేవాడు, నా తప్పుతో పడ్డాను, మీరు పడొద్దు అని.

వాడు చనిపోయిన ఏడు, ఎండాకాలంలో, నేను ఊళ్ళో ఉన్నప్పుడు ఆలంగాయంనుంచి ఒకతను పనికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. తెలుగువాడే, చెట్లు ఎక్కీ కొండలు ఎక్కీ అలవాటున్నవాడు. ఇంటి ముందు వాలు మీద నిలబడి తమ్ముడు చెప్పిందంతా విన్నాడు. మిగతావాళ్ళలా తల ఊపి పోలేదు. గచ్చు మీద గొంతుక్కూర్చుని వాడి మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తగిలినట్టు వాడికి తెలియదు, అతనికి ఆ సంగతి తెలియదు.

"నీ తప్పేముండాది నాయనా," అన్నాడు. "ఒక్కో దినం అట్ల అయిపోతాది. ఎంత పనోడైనా పడతాడు. ఎవురి తప్పూ కాదు."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఏడేళ్ళుగా నేను చెబితే చెవికెక్కని మాట, సారం ఎక్కేవాడొకడు చెబుతున్నాడు. వీడు ఇతని మాటైనా వింటాడు, వింటే చాలు, ఇంకేమీ వద్దు అనుకున్నాను. తమ్ముడు అతన్ని చూసి నవ్వాడు. తర్వాత గుమ్మంవైపు చెయ్యి చూపించాడు.

"లేదప్పా. నేర్చినోడు పడడు," అన్నాడు. "మా అన్న బుక్కులో చదివి చెప్పినాడు."